బీరువాలో డాలర్లు... డబ్బాలో సెంట్లు!

గుడివాడలో సెంటు అంటే స్థలం. ఎకరంలో నూరో వంతు. అమెరికాలో సెంటు అంటే చిల్లర. డాలరులో నూరో వంతు. మొదటిది కొనాలంటే లక్షలు పోయాలి. రెండోది గుప్పెడు తీసుకెళ్లినా ఇక్కడి బ్యాంకులో రూపాయలు రావు! అందుకే గుడివాడ, బందరు, అవనిగడ్డల్లో పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లలో బీరువా తీస్తే ఓ పాత బిస్కెట్ల డబ్బా కనిపిస్తుంది. అందులో సెంట్లు, పెన్నీలు, దిర్హమ్‌లు. పక్కనే చీర మడతలో నాలుగైదు డాలరు నోట్లు. 'మళ్లీ వెళ్లినప్పుడు పనికొస్తాయిలే' అని దాచినవి. మరి నిజంగా పనికొస్తాయా?

పురుడు పోసే ప్రయాణికులు

తరచూ విమానం ఎక్కేవాళ్లనగానే సూటూబూటూ వేసుకుని, చేతిలో ల్యాప్‌టాప్ పట్టుకున్న కంపెనీ అధికారులే గుర్తుకొస్తారు. విమానయాన సంస్థలూ వాళ్లని దృష్టిలో పెట్టుకునే మైళ్ల లెక్కలు మొదలుపెట్టాయి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన 'అడ్వాంటేజ్' పథకాన్ని తెచ్చింది 1981లో. కానీ కృష్ణా డెల్టాలో లెక్క వేరు. ఇక్కడ పాస్‌పోర్టు మీద ముద్రలు ఎక్కువున్నది అమ్మమ్మలకీ నాయనమ్మలకీ! కూతురి పురుడుకి ఓసారి, కోడలి పురుడుకి ఓసారి, మనవరాలిని చూసుకునే మనిషి దొరకలేదని మరోసారి. సందర్శకుల వీసా మీద వెళితే అమెరికాలో మామూలుగా ఉండనిచ్చేది ఆరు నెలలు. పసిబిడ్డకి బోర్లాపడటం వచ్చేసరికి ఆవిడ తిరుగు ప్రయాణం.

మొదటిసారి వెళ్లేటప్పుడు చక్రాల కుర్చీ అడుగుతారు. కాళ్లు నొప్పులని కాదు, దారి తప్పిపోతామని. దోహాలోనో దుబాయ్‌లోనో విమానం మారాలి, భాష రాదు. కుర్చీ తోసే మనిషి నేరుగా గేటు దగ్గర దింపుతాడు. మెడలో సంచీ, అందులో అబ్బాయి ఇంగ్లీషులో రాసిచ్చిన చీటీ. మూడోసారికల్లా ఆవిడే పక్కసీటు పెద్దాయనకి బెల్టు పెట్టుకోవడం నేర్పిస్తుంది. 'ముందే శాకాహారం అని రాయించుకోండి అన్నయ్యగారూ, అందరికన్నా ముందు మనకే తెచ్చిస్తారు' అని రహస్యం చెబుతుంది.

తూకం దగ్గర తెలుస్తుంది అనుభవం

అమెరికా టిక్కెట్ల మీద చాలావరకు 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు ఇస్తారు. అలవాటైన వాళ్ల ఇంట్లో కొక్కెం తక్కెడ ఉంటుంది. పెట్టెని దానికి వేలాడదీసి, ఓ అరకిలో తగ్గించి సర్దుతారు. పెట్టె పిడికి ఎర్ర రిబ్బను కడతారు, బెల్టు మీద వచ్చే యాభై నల్లపెట్టెల్లో తమది గుర్తుపట్టేందుకు. ఆవకాయ సీసాకి మూడు కవర్లు చుట్టి కింద పెట్టెలోనే పెడతారు. 2006 నుంచి వంద మిల్లీలీటర్లకి మించిన ద్రవాలను, పచ్చళ్లను చేతిసంచీలో రానివ్వడం లేదు కదా! కోడిమాంసం పచ్చడి జోలికి మాత్రం పోరు. అమెరికా కస్టమ్స్‌లో మాంసం కనిపిస్తే చెత్తబుట్టలోకే. ఆ ఖాళీలో బందరు తొక్కుడు లడ్డూ సర్దుతారు. అసలు నగలు లాకరులో ఉంచి, మెడలో చిలకలపూడి బంగారం వేసుకుని వెళ్లేవాళ్లూ ఉన్నారు. పోతే పోయిందన్న ధీమా!

వెళ్లేటప్పుడు ఇంత లెక్కగా ఉండేవాళ్లు వచ్చేటప్పుడు మాత్రం ఒకచోట మెత్తబడతారు. అది పిల్లలు ఇచ్చిన డబ్బు దగ్గర. 'దార్లో కాఫీ తాగమ్మా' అని కూతురు నోట్లు చేతిలో పెడుతుంది. కాఫీ ఖరీదుని రూపాయల్లోకి మార్చి చూసుకుని ఆవిడ మంచినీళ్లు తాగి వచ్చేస్తుంది. అలా ప్రయాణానికి కొంత చొప్పున బీరువా చేరుతుంది.

బందరుకి కొత్త కాదు

పరదేశపు డబ్బు ఈ నేలమీద మిగిలిపోవడం ఇవాళ్టి ముచ్చట కాదు. దివిసీమ దారిలో, చల్లపల్లికి దగ్గర్లోనే ఉన్న ఘంటసాల ఒకప్పటి బౌద్ధ క్షేత్రం, వ్యాపార కేంద్రం. రెండో శతాబ్దంలో టాలెమీ పేర్కొన్న కంటకశైల ఇదేనంటారు చరిత్రకారులు. ఇక్కడ రోమన్ నాణేలు దొరికాయి. ఓడల్లో వచ్చిన వర్తకుల సొమ్ము అది.

ఆ తర్వాత బందరు వంతు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇదే పెద్ద రేవు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ 'గ్లోబ్' ఇక్కడికి వచ్చేసరికే డచ్చివాళ్లు వ్యాపారం చేస్తున్నారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఊళ్లో ఉన్నాయి. అద్దకం బట్టలు కొనాలంటే పరదేశి వెండి బంగారాలు ఇక్కడి వరహాలుగా మారాలి. ఆ పని చేసేవాళ్లు సరాఫులు. నాణెం బరువు చూసి, గీటురాయి మీద గీసి, వట్టం పట్టుకుని మార్చేవాళ్లు. పాత వరహాకి కొత్తదానికన్నా ఎక్కువ విలువ ఉండేదని ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే రాశాడు.

అప్పట్లో నాణెం విలువ దాని లోహంలో ఉండేది. రాజ్యం పోయినా బంగారం బంగారమే. ఇవాళ్టి నోటు అలా కాదు. అచ్చువేసిన దేశం 'చెల్లుతుంది' అన్నంత కాలమే దానికి ప్రాణం.

దాచిన నోటు చెల్లకపోతే...

బ్రిటన్‌లో కాగితపు పది పౌండ్ల నోటు 2018 మార్చి 1తో చెలామణీ నుంచి పోయింది. ఇరవై, యాభై పౌండ్ల కాగితపు నోట్లకి 2022 సెప్టెంబరు 30 ఆఖరు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఇప్పటికీ మార్చి ఇస్తుంది గానీ, ఆ నాలుగు నోట్ల కోసం బందరు నుంచి అక్కడిదాకా వ్యవహారం నడపాలి. ఫ్రెంచి ఫ్రాంకులు దాచుకున్నవాళ్లకి ఆ అవకాశమూ లేదు. వాటి గడువు 2012 ఫిబ్రవరిలోనే తీరిపోయింది. డాలరు నయం. పాత నోట్లూ చెల్లుతాయి. ఒక సెంటు నాణెం ముద్రణను అమెరికా 2025 నవంబరులో ఆపేసినా, ఉన్నవి చెల్లుతూనే ఉన్నాయి.

ఈ దెబ్బ ఏమిటో మనకీ తెలుసు. శంషాబాద్‌లో దిగ్గానే టాక్సీకి ఉంటాయని విదేశాల్లోని పిల్లలు అయిదొందలు, వెయ్యి నోట్లు పర్సులో ఉంచుకునేవాళ్లు. 2016 నవంబరు 8 రాత్రి అవి రద్దయ్యాయి. ప్రవాసులకి 2017 జూన్ 30 దాకా గడువిచ్చారు. అదీ 25 వేల రూపాయల లోపే. దిగినచోట కస్టమ్స్‌లో చూపించి, ముంబయి, దిల్లీ, చెన్నై, కోల్‌కతా, నాగపూర్‌లలోని రిజర్వుబ్యాంకు కార్యాలయాల్లోనే మార్చుకోవాలి. ఆ జాబితాలో హైదరాబాద్ లేదు. నాలుగు నోట్ల కోసం నాగపూర్ వెళ్లేదెవరు? ఇక్కడ అమ్మ బీరువాలో డాలర్లు, అక్కడ కూతురి పర్సులో రద్దయిన రూపాయలు!

ఎంత ఉంచుకోవచ్చు?

విదేశాల నుంచి తిరిగొచ్చిన వాళ్లు రెండు వేల డాలర్లు, లేదా అంత విలువైన మరో దేశపు నోట్లు ఇంట్లో ఉంచుకోవచ్చు. అంతకు మించినది తిరిగొచ్చిన 180 రోజుల్లోగా బ్యాంకుకో లైసెన్సు ఉన్న మారకందారుకో అమ్మేయాలి. లేదా బ్యాంకులో ఇందుకోసమే ఉన్న విదేశీ కరెన్సీ ఖాతాలో వేసుకోవాలి. వచ్చేటప్పుడు నోట్లు అయిదు వేల డాలర్లు దాటితే కస్టమ్స్‌లో చెప్పాలి.

అనుభవజ్ఞులు ఆ నోట్లని ఇంటిదాకా రానివ్వరు. చివరిరోజు కొట్లో చిల్లరంతా ఇచ్చేసి మిగతాది కార్డు మీద చెల్లిస్తారు. అమెరికాలోనైతే సూపర్‌మార్కెట్లలో నాణేలు పోస్తే లెక్కగట్టి చీటీ ఇచ్చే యంత్రాలున్నాయి. కొన్ని విమానాల్లో యునిసెఫ్ కవరు ఇస్తారు. మిగిలిన ఏ దేశపు చిల్లరైనా అందులో వేస్తే పిల్లల కోసం ఖర్చవుతుంది. 1987 నుంచి నడుస్తున్న ఏర్పాటిది. సింగపూర్, బ్రూనై రెండూ తిరిగేవాళ్లకైతే ఆ బాధే లేదు. 1967 నుంచి ఒకరి డాలరు మరొకరి దగ్గర సమానంగా చెల్లుతోంది.

నోట్లు మార్చడమంటే...

ఇవన్నీ తెలిసినా చాలామంది తల్లులు నోట్లు మార్చరు. కారణం లెక్కల్లో దొరకదు. మార్చేస్తే ఇక ప్రయాణం లేదని ఒప్పుకున్నట్టే. మోకాళ్లు మొరాయిస్తాయి. వయసు పెరిగేకొద్దీ ప్రయాణ బీమా ఖరీదవుతుంది. పద్నాలుగు గంటలు కూర్చోలేనని మనసుకి తెలుస్తూనే ఉంటుంది. అయినా 'వదినగారూ, మళ్లీ ఎప్పుడు ప్రయాణం?' అని పక్కింటావిడ అడిగితే 'వెళ్లాలి, అమ్మాయి రమ్మంటోంది' అనే జవాబు. ఆ జవాబుకి సాక్ష్యం చీర మడతలోని నోట్లు.

ఏదో ఒకరోజు పెద్దాయన వాటిని విజయవాడ తీసుకెళ్లి మార్చుకొస్తాడు. వచ్చిన రూపాయలు మందులకో, మనవరాలికి పట్టులంగాకో సరిపోతాయి. అదే మంచిది కూడా. నోటు ఎంతకాలం దాచినా వడ్డీ పెట్టదు.

డబ్బా మాత్రం కదలదు. నాణేలు ఎన్నైనా ఉంచుకోవచ్చని రిజర్వుబ్యాంకు నిబంధనల్లోనే ఉంది. సెలవులకి వచ్చిన మనవడు దాన్ని నట్టింట్లో బోర్లిస్తాడు. 'ఇది క్వార్టర్ అమ్మమ్మా, ఇది డైమ్' అని వచ్చీరాని తెలుగులో పేర్లు చెబుతాడు. ఆవిడకి అవన్నీ ఎప్పుడో తెలుసు. తెలియనట్టే మళ్లీ అడుగుతుంది.