కొత్త ఇంటి వాసన

ఎలిజబెత్ పట్టణము దాటి న్యూజెర్సీ టర్న్‌పైక్ మీద దక్షిణముగా వచ్చునప్పుడు, లిండెన్ చమురుశుద్ధి కర్మాగారపు గొట్టములు కంటబడగానే కారు అద్దము లెత్తి, లోపలి గాలి లోపలనే తిరుగునట్లు మీట నొక్కుట మా ఎడిసన్ తెలుగువారిలో చాలమందికి అలవాటు. పదునేను సంవత్సరములుగా నేనును ఆ మీటను భక్తితో నొక్కుచునే వచ్చితిని. అట్లు విషమును తప్పించుకొన్న తృప్తితో ఇల్లు చేరి, తలుపు మూసికొని, అటువంటి దానినే రాత్రియంతయు నిశ్చింతగా పీల్చుచుంటినని తెలిసికొనుటకు నాకొక శీతకాలము పట్టినది.

2017 జనవరిలో, మా రెండవ బిడ్డ పుట్టుటకు రెండు నెలల ముందు, కొత్త ఇంట పాలు పొంగించితిమి. లోపల హోమము చేసినచో పొగకు అలారములు మ్రోగునని పురోహితులవారు దానిని గరాజులో జరిపించిరి. సమిధల పొగ ఇంటిలోనికి రాకుండ అంత జాగ్రత్తపడిన మేము, అదే గరాజులో పెట్రోలు డబ్బాను, మిగిలిన రంగుల డబ్బాలను పేర్చి, దాని తలుపు నేరుగా వంటింటిలోనికే తెరుచుకొనునను సంగతి తలపనైన లేదు. వచ్చిన చుట్టములందరును గడపలోనే ఒక దీర్ఘశ్వాస తీసి, “ఆహా, కొత్త ఇంటి వాసన!” అనిరి. కొత్త తివాచీలు, కొత్త అలమరలు, పుట్టబోవు బిడ్డకని ఒక పెద్ద దుకాణమునుండి తెచ్చిన తెల్లని సొరుగుల బీరువా: అన్నియు కలిసిన ఆ వాసన మాకును సౌభాగ్యచిహ్నముగనే తోచినది.

మూడు వారములలో మా ఆవిడకు తలనొప్పి మొదలైనది. పెద్దవాడు ప్రతి ఉదయమును గొంతు గరగరతో లేచుచుండెను. చలికాలపు జలుబని అనుకొంటిమి. పురుటికి సాయముగా తెనాలినుండి మా అమ్మ వచ్చి, బిడ్డ గది సర్దుచు ఒకనాడు పిలిచినది. “అబ్బాయ్, ఉల్లిపాయలు తరక్కుండానే కళ్ళు మండుతున్నాయేమిట్రా ఈ గదిలో?”

బీరువా అడుగు సొరుగును పూర్తిగా లాగి చూచితిని. పైన పాలవలె మెరయు పూత. వెనుక అంచున, పూత చేరని చోట, రంపపుపొట్టును జిగురుతో అదిమిన రొట్టె. అచ్చట ముక్కు పెట్టగానే ఇంటర్మీడియట్ నాటి జంతుశాస్త్ర ప్రయోగశాల, అందులో గాజుజాడీలో కాళ్ళు చాచి తేలుచున్న కప్ప, ఒక్కసారిగా ముందు నిలిచినవి. కప్పను కుళ్ళకుండ నిలిపిన ఫార్మలిన్ అనగా నీట కలిపిన ఫార్మాల్డిహైడే. ఆ రొట్టెను పట్టి నిలుపు యూరియా జిగురులో నున్నదియు అదియే.

వెచ్చదనము, తేమ తగిలినకొలది ఆ జిగురు విడివడుచు, నెలలు కాదు, ఏండ్ల తరబడి ఆ వాయువును వదలుచుండును. 1973 నాటి చమురు సంక్షోభము పిమ్మట, వేడి వృథా కారాదని ఇచ్చటి ఇండ్ల సందుసందును బిగించుట ఆచారమైనది. నేలమాళిగలోని ఫర్నేసు బయటి గాలిని తెచ్చునది కాదు, ఇంటి గాలినే మరల మరల వేడిచేసి గదులకు పంచునది. నేను కారులో నొక్కిన మీట ఇంట ఆరునెలలు నొక్కియే యున్నదన్నమాట. ఫార్మాల్డిహైడును మానవులకు క్యాన్సరు కలిగించు పదార్థముగా అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో నిర్ణయించినది. ఘనమీటరు గాలిలో 0.1 మిల్లీగ్రామును అరగంట సగటుగానైనను మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో హద్దు గీచినది. 2005 నాటి కత్రినా తుపానులో ఇల్లు కోల్పోయినవారికి ప్రభుత్వమిచ్చిన ట్రైలరు ఇండ్లలో 519 పరీక్షింపగా సగటే ఇంచుమించు ఆ హద్దున నిలిచెను; వేసవి ముదిరిన ఇంకను పెరుగునని, ఎండలు రాకముందే వారిని తరలింపుడని వైద్యాధికారులు చెప్పవలసివచ్చెను. బల్లచెక్కలకు హద్దు విధించు చట్టము 2010లో పుట్టినను అది అమలగుసరికి 2018 వచ్చినది. మా బీరువా దానికి ముందుది.

ఆ సంగతులు వెదకుచుండగా నన్ను నిజముగా సిగ్గుపరచినది మా పొరుగూరి కథ. 1981లో పర్యావరణ పరిరక్షణ సంస్థవారు ఆ కర్మాగారముల నీడనున్న ఎలిజబెత్, బేయాన్ పట్టణములలో 350 మందికి పైగా పౌరులకు చిన్న గాలిపట్టు పరికరములను తగిలించి, వారి నిశ్శ్వాసమునుగూడ సంచులలో పట్టి పరీక్షించిరి. కర్మాగారములే దోషులని తేలునని ఎదురుచూచినవారికి పెరటి గాలికంటె నడవ గాలియే మలినమని తేలినది. అట్టి పరీక్షలన్నింటిని కలిపి చూడగా, పది పన్నెండు రసాయనముల మట్టము ఇంటిలో బయటికంటె రెండు మొదలు అయిదు రెట్లుండెను. సిగరెట్టు పొగ, డ్రైక్లీనింగు బట్టలు, చిమ్మటల ఉండలు, సువాసన డబ్బాలు: ఇవి ఆ దోషులు.

సువాసనను గూర్చి నాకొక కోపమున్నది. ముక్కు ఈ వ్యవహారమున మంచి సాక్షి కాదు. పావుగంటలో అది అలవాటుపడి మాటాడుట మానును. రక్తక్యాన్సరును తెచ్చు బెంజీను వాసన తెలియని మట్టముననే అపాయకరము. అట్లుండగా నిమ్మవాసన చల్లి శుభ్రమైనదనుకొనుట, ఆ నిమ్మసారమే గాలిలోని ఓజోనుతో కలిసి మరల ఫార్మాల్డిహైడును పుట్టించుట! మొక్కలు గాలిని శుద్ధిచేయునన్న 1989 నాటి నాసా ప్రయోగమును చదివి మిత్రుడొకరు నాకు మనీప్లాంటు బహూకరించెను. కిటికీ చేయు పనిని మొక్కలు చేయవలెనన్న చదరపు మీటరునకు కనీసము పది కావలెనని 2019లో లెక్కతేల్చిరి. ఆ లెక్కన మా హాలులో మొక్కలు నిలిచి, మేము బయట నిలువవలెను.

మన తప్పును దాచనేల? అమ్మ పూజగదిలో వెలిగించు అగరువత్తి బెంజీనును, సన్నని మసినిగూడ ఇచ్చును. ఆమె పెట్టెలోని పాత నూలుచీరల మడతలనడుమ కలరా ఉండలు. ఆ చీరలలోనే బిడ్డను చుట్టవలెనని ఆమె కోరిక. జీ6పీడీ అను ఎంజైము లోపమున్న శిశువులకు నాఫ్తలిన్ ఎర్రకణములను చిదిపి కామెర్లు తెచ్చునని పిల్లల వైద్యురాలు చెప్పగా అమ్మ చిన్నబోయినది, రెండు దినములు మాటాడలేదు. మూడవ దినమున చీరలన్నిటిని తానే వేడినీట ఉతికి, మంచులోనే ఆరవేసినది. మా తాతలనాటి సున్నపు గోడలలో ఈ బాధ లేదని నేనన, “పిడకల పొగతో మీ నాయనమ్మ ఎంత దగ్గేదో నీకేం తెలుసు” అని కసిరినది.

ఆ ఫిబ్రవరిలో, గ్యాసు బిల్లు పెరిగినను, పూటకు పది నిమిషములు ఎదురెదురు కిటికీలు తెరిచితిమి. డబ్బాలను పెరటి కొట్టములోనికి పంపితిమి. బిడ్డ బట్టలకు ఎవరో వాడి ఇచ్చిన పాత టేకు పెట్టె కుదిరినది. తెల్లని బీరువాయు పెరటి కొట్టము చేరి, నా పనిముట్లకు స్థానమైనది. ఎనిమిదేండ్లు దాటినవి. మొన్న స్క్రూడ్రైవరు కొరకు అడుగు సొరుగు లాగితిని. కప్ప వాసన పలుచబడినదే గాని, ఇంకను పోలేదు.