చౌక దయ్యములు

దయ్యపుబొమ్మల ముచ్చట గృహిణులకేల యని కొందఱు ముక్కు విఱువవచ్చును. కాని వీడియో టేపుపై స్వల్పవ్యయముతో దీసిన భయానకచిత్రములను మొదట నాదరించినవి సినిమాశాలలు గావు, ఇండ్లే. కావున వానిని గూర్చి మాటలాడు హక్కు మనకే యెక్కువ గలదని నా యభిప్రాయము.

మా గుమ్మలక్ష్మీపురము కొండల నడుమనున్న యూరు. నా బాల్యమున పండుగదినములలో వి.సి.ఆర్. పెట్టె నద్దెకు దెచ్చి, ఒక యరుగుపై నుంచి, తెల్లవాఱువఱకు కాసెట్టు వెంట కాసెట్టు వేసెడివారు. మా మామ్మ చాపయు కుంపటియు దెచ్చుకొని ముందువరుసను గూర్చుండెడిది. పలుచేతులు మాఱి యరిగిన కాసెట్టులో రంగులు ప్రక్కకు జాఱును, ముఖములు కరిగిపోవును. చీకటిఘట్టము వచ్చినచో బొమ్మయంతయు చీమలు బ్రాకినట్లుండును. వెలుతురు చాలనప్పుడు వీడియో యంత్రము తనకు జిక్కిన సంకేతమును బలవంతముగా బెంచుకొనును. దానితోడనే రొదయు బెరుగును. ఆ చీమలు దానివే. ఇతరచిత్రములలో నిది లోపము. దయ్యపుకథలో నిదియే వరము. ఆ చీమల నడుమ నేదియో కదలినట్లు తోచును. దర్శకుడు చూపలేని దయ్యమును చూచువారే కల్పించుకొందురు.

ఫిలిముపై తీయువానికి ముడిఫిలిము, దానిని కడుగుట, ప్రతులు తీయుట యను ఖర్చులు తప్పవు. టేపున కా బాధ లేదు. అందుచే 1980 తరువాత అమెరికాలో కెమెరా చేజిక్కినవాడెల్ల దర్శకుడయ్యెను. డేవిడ్ ఎ. ప్రయర్ 1983లో వీడియోపై తీసిన ‘స్లెడ్జ్‌హామర్’ అట్టిదే. కథ చాలక నడకలను మందగతిని సాగదీసినారు. మజ్జిగలో నీళ్లు కలుపుట మన కొక్కరికే తెలిసిన విద్య గాదు! ఇట్టి బొమ్మలలో నటులు మిత్రులు, రక్తము రంగునీళ్లు, మాటలను గాలిహోరు మ్రింగివేయును. నవ్వు వచ్చును, నిజమే. అయినను ఆ గదులు మన గదులవలెనే యుండును. దీపము వెలుగుచునే యుండును. పెద్దచిత్రముల కోటలకంటె నా సామాన్యపు వంటయిల్లే నన్నెక్కువ భయపెట్టినది.

ఆఫ్రికాలో నీ విద్య మఱింత పండినది. ఘానాలో విలియం అకుఫో 1987లో ‘జినాబు’ యను మంత్రగత్తె కథను వీడియోపై దీసెను. నైజీరియాలో 1992లో వచ్చిన ‘లివింగ్ ఇన్ బాండేజ్’ నందు భర్త ధనాశచే భార్యను బలియిచ్చును. ఆమె ప్రేతమై వాని వెంటబడును. ఆ కాసెట్టులు విపణిలో నమ్ముడుపోయి యిండ్లు జేరినవి. కట్నపుచావుల వార్తలు చదివిన మన కా కథ పరాయిది గాదు. మన తెలుగున రవిబాబు ‘అవును’ 2012లో వచ్చినది. కనబడని పురుషప్రేత మొకటి క్రొత్తకోడలిని ఆమె యింటనే వెంటాడును. కంటికి గనబడని వానికి వేషపు ఖర్చేమున్నది? ఆ యూహ చౌకయే గాని, ఒంటరిగా నింటనున్న స్త్రీ భయ మందు బాగుగా బట్టువడినది.

నాకు నచ్చని దొకటి గలదు. చౌకచిత్రము తొందరలో దయ్యమును వెదకికొనునప్పుడు చేతికందిన దానినే పట్టుకొనును: కొండజాతి మంత్రగాడు, ఒంటరి ముసలమ్మ. మా సీమ సవరలకు చచ్చినవారు శత్రువులు గారు. వెరియర్ ఎల్విన్ 1955లో ప్రకటించిన గ్రంథము ఒడిశావైపు కొండల సవరలను గూర్చినది. అక్కడ మృతులు పూనకమున వచ్చి బంధువులతో మాటలాడుదురు, అలుగుదురు, ఏడ్తురు, కల్లు నడుగుదురు. పూనకము వచ్చువారిలో స్త్రీలు పెక్కుమంది. నేడు పలువురు క్రైస్తవమును స్వీకరించుటచే నా యాచారము సన్నగిలినది. ఏ తెరపైనను నే నింతటి దయ్యపుకథను చూడలేదు.

చిల్లంగి యను నెపమున మన్యమున హత్యలు జరిగిన వార్తలు పత్రికలలో పలుమాఱు వచ్చినవి. మా సరిహద్దున నున్న ఒడిశా 2013లో స్త్రీలను మంత్రగత్తెలని హింసించుటను నిషేధించుచు చట్టమే చేయవలసివచ్చెను. నా బాల్యమున కాసెట్టు చూచిన మఱునాడు పిల్లలు మా వీధి చివరనున్న యొక ముసలామె గుమ్మము దాటుటకు వెఱచెడివారు. ఆమెకు గంజిముంత నాచేతనే పంపెడిది మా మామ్మ. “బొమ్మలో ముసల్ది బొమ్మలో ఉంటాది, ఇది మన ముసల్ది” అనెడిది.

మొన్న మా వీధి కుఱ్ఱవాండ్రు ఫోనుతో దయ్యపుబొమ్మ తీయబూని, “పిన్నీ, తెల్లచీర యిస్తావా?” యని వచ్చిరి. కథ యేమంటిని. చిల్లంగి పెట్టు ముసలమ్మ యట. ఆ ముసలమ్మ యుండగా చీర యీయనంటిని. గొణుగుకొనుచు బోయి, వారము గడచిన తరువాత మరల వచ్చిరి: చచ్చిన యత్తగారు కోడలితో చెప్పక మిగిలిన మాట చెప్పుటకు వచ్చునట. చీర యిచ్చితిని. ఆ మాట యేమో వారింకను తేల్చుకొనలేదు. రాత్రులందు తీయుచున్నారు గనుక లాంతరొకటి కూడ నిచ్చి, పాములను చూచుకొనుడని చెప్పి పంపితిని.