బంగారు కొండకు కొత్త బాట

ఒకప్పుడు బంగారం కోసం ప్రపంచమంతా పరుగెత్తుకెళ్లిన ఊరు బెండిగో. ఇప్పుడు ఆ ఊరూ, దానిలాంటి మరికొన్ని ఊళ్లూ చూస్తున్నది పలుగూ పారా పట్టుకొచ్చే వాళ్లకోసం కాదు... పంటి గార తీసే వాళ్లకోసం! ఆస్ట్రేలియా వెళ్లాలనుకునే డెంటల్‌ హైజీనిస్టులకు వీసా దారి చాలావరకు ఇలాంటి ఊళ్ల మీదుగానే పోతుంది.

మెల్‌బోర్న్‌లోని సదరన్‌ క్రాస్‌ స్టేషన్‌లో రైలెక్కితే సుమారు రెండు గంటల ప్రయాణం. దూరం 150 కిలోమీటర్లు. మనకు హైదరాబాద్‌ నుంచి వరంగల్‌ వెళ్లినట్టు. 2023 మార్చి నుంచి విక్టోరియా రాష్ట్రంలో ఎంత దూరం రైల్లో వెళ్లినా, నగరంలో రోజంతా తిరగడానికి అయ్యే ఖర్చును మించదు. దాంతో శని, ఆదివారాల్లో పిల్లాపాపలతో బెండిగో వెళ్లొచ్చేవాళ్లకు వెసులుబాటైంది. దారి పొడవునా యూకలిప్టస్‌ చెట్లు, గొర్రెల మందలు, చిన్న చిన్న స్టేషన్లు. దిగగానే వందేళ్లు దాటిన భవనాలు, పెద్ద ఫౌంటెన్‌, టూరిస్టులను తిప్పే పాతకాలపు ట్రాము.

ఊరి పేరు వెనక ఓ సరదా కథ ఉంది. ఇంగ్లండ్‌లో బెండిగో అని పిలిచే ఓ పేరుమోసిన బాక్సర్‌ ఉండేవాడు. ఇక్కడి గొర్రెల కాపరి ఒకడు ముష్టియుద్ధంలో దిట్ట కావడంతో అతణ్నీ ఆ పేరుతోనే పిలిచారట. అది వాగుకు, వాగు నుంచి ఊరికి అంటుకుంది. పళ్లు రాలగొట్టేవాడి పేరున్న ఊరికి పళ్లు కాపాడేవాళ్లు కావాల్సి రావడం తమాషాయే మరి!

పది పౌండ్లు... 400 కిలోమీటర్లు

ఇది అంతకుముందు జాజా వూరుంగ్‌ ఆదివాసుల నేల. 1851లో ఇక్కడ బంగారం బయటపడింది. ఆ తర్వాత వందేళ్లలో 2 కోట్ల ఔన్సులకు పైగా తవ్వితీశారు. ఇంగ్లండ్‌, ఐర్లండ్‌, జర్మనీల నుంచి జనం ఓడలెక్కారు. దక్షిణ చైనా నుంచీ వేల మంది వచ్చారు. వాళ్లు బెండిగోకు పెట్టుకున్న పేరు ‘దాయ్‌ గమ్‌ సాన్‌’. అంటే పెద్ద బంగారు కొండ.

వాళ్ల రాక అక్కడి తెల్లవాళ్లకు నచ్చలేదు. 1855లో విక్టోరియా ప్రభుత్వం ఓడ దిగే ప్రతి చైనీయుడి మీదా 10 పౌండ్ల పన్ను వేసింది. వాళ్లేం చేశారు? 1857లో పన్ను లేని పక్క కాలనీ దక్షిణ ఆస్ట్రేలియాలోని రోబ్‌ రేవులో దిగి, అక్కణ్నుంచి 400 కిలోమీటర్లకు పైగా నడుచుకుంటూ గనులకు చేరారు!

1901లో దేశం మొత్తానికీ కలిపి మరో చట్టం వచ్చింది. అధికారి ఏదైనా ఒక యూరప్‌ భాషలో 50 మాటలు చదువుతాడు. అవి తప్పులేకుండా రాయాలి. ఏ భాషో ఎంచుకునేది అధికారే కాబట్టి ఎవరిని ఫెయిల్‌ చేయాలో ముందే తేలిపోయేది. 1934లో ప్రేగ్‌ రచయిత ఎగాన్‌ కిష్‌ చాలా భాషలు తెలిసినవాడని తెలిసి, ఆయనకు స్కాట్లండ్‌లో కొద్దిమందే మాట్లాడే గేలిక్‌ భాషలో పరీక్ష పెట్టారు. ఆయన కోర్టుకెళ్లి గెలిచారు. ఈ డిక్టేషన్‌ పరీక్షకు 1958 చట్టంతో తెరపడింది. వలసదారుల్ని పాయింట్లతో తూచే పద్ధతి 1979లో మొదలైంది. ఇవాళ్టి వీసా పాయింట్లకు మూలం అదే.

పళ్లు తోమడం నేర్పే కొలువు

డెంటల్‌ హైజీనిస్ట్‌ అంటే మనవాళ్లలో చాలామందికి తెలియదు. మన దగ్గర పళ్లు క్లీన్‌ చేయించుకోవాలన్నా బీడీఎస్‌ చదివిన డాక్టరే చేస్తారు. నిజానికి 1948 నాటి దంతవైద్యుల చట్టంలోనే హైజీనిస్టుల ప్రస్తావన ఉంది. రెండేళ్ల డిప్లొమా కూడా ఉంది. చదివేవాళ్లే తక్కువ.

అక్కడ అలా కాదు. పాచి, గార తీయడం, చిగుళ్ల జబ్బును తొలిదశలోనే పట్టుకోవడం, పిల్లల పళ్లకు ఫ్లోరైడ్‌ పూయడం, ఎలా తోముకోవాలో నేర్పడం... ఇవన్నీ హైజీనిస్టు పనులే. ఈ వృత్తికి పునాది పడింది అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో. 1906లో ఆల్‌ఫ్రెడ్‌ ఫోన్స్‌ అనే దంతవైద్యుడు తన దగ్గర పనిచేసే ఐరీన్‌ న్యూమన్‌కు ఈ విద్య నేర్పించారు. ఆస్ట్రేలియాలో 2022 జులై నుంచి పిల్లల దంత వైద్య పథకంలో హైజీనిస్టులు సొంత నంబరుతోనే ప్రభుత్వానికి బిల్లు పెట్టుకోవచ్చు.

అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌ పెద్దల పళ్లకు దాదాపు వర్తించదు. ప్రైవేటుకు వెళ్లలేనివాళ్లు ప్రభుత్వ క్లినిక్‌ వరసలో నెలల తరబడి నిరీక్షించాలి. పెద్ద నగరాలకు దూరమయ్యేకొద్దీ దంత వైద్య సిబ్బందీ తగ్గిపోతారు. ఈ లోటు తీర్చేందుకే లాట్రోబ్‌ యూనివర్సిటీ బెండిగోలో దంత వైద్యం, నోటి ఆరోగ్యం కోర్సులు నడుపుతోంది. పల్లెల్లో చదివితే పల్లెల్లోనే ఉంటారన్న ఆశ. మిగిలిన ఖాళీల్లోకి విదేశీయులకు అవకాశం.

తాళాలు రెండు

చాలా కుటుంబాలు పొరబడేది ఇక్కడే. ‘వీసా వచ్చేస్తే చాలు, ఉద్యోగం అదే దొరుకుతుంది’ అనుకుంటారు. కానీ వీసా ఇచ్చేది వలస శాఖ. పళ్లు ముట్టుకునే అనుమతి ఇచ్చేది డెంటల్‌ బోర్డు. ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది రాదు. రిజిస్ట్రేషన్‌ లేకుండా హైజీనిస్ట్‌నని చెప్పుకోవడమే అక్కడ నేరం.

న్యూజిలాండ్‌లో నమోదైనవాళ్లకు రెండు దేశాల ఒప్పందంతో దారి సులువు. మన డిప్లొమాతో వెళ్లాలంటే మాత్రం ఆస్ట్రేలియన్‌ డెంటల్‌ కౌన్సిల్‌ గడప తొక్కాల్సిందే. ముందు సర్టిఫికెట్ల పరిశీలన, తర్వాత రాత పరీక్ష, ఆపైన ప్రాక్టికల్‌. ఈ చివరిది రాయాలంటే మెల్‌బోర్న్‌ వెళ్లక తప్పదు. ఇంగ్లిషు పరీక్షలోనూ మంచి స్కోరు రావాలి. వలస శాఖ అడిగే నైపుణ్య అంచనా వీటికి అదనం.

‘మా అమ్మాయి బీడీఎస్‌. హైజీనిస్టుగా సులువుగా వెళ్లిపోవచ్చటగా?’ అని అడిగే తల్లిదండ్రులున్నారు. కౌన్సిల్‌లో డెంటిస్టు పరీక్ష వేరు, హైజీనిస్టు పరీక్ష వేరు. చదివిన చదువును బట్టే దారి. బ్రిటన్‌లో విదేశీ డెంటిస్టులు హైజీనిస్టులుగా నమోదయ్యే అవకాశం కొన్నాళ్లు ఉండేది. 2023 మార్చి 8తో అదీ మూసేశారు. పాత కబుర్లు నమ్మి ఫీజులు కడితే నష్టపోయేది మనమే.

ఏ వీసా? ఎవరికి?

ఎవరి సిఫారసూ అక్కర్లేని 189 వీసా జాబితాలో డెంటల్‌ హైజీనిస్టు లేదు. మిగిలినవి ఇవీ...

190: రాష్ట్ర ప్రభుత్వం నామినేట్‌ చేయాలి. అందుకు 5 పాయింట్లు కలుస్తాయి. వచ్చేది శాశ్వత నివాసమే.

491: సిడ్నీ, మెల్‌బోర్న్‌, బ్రిస్బేన్‌ కాని ప్రాంతాలకు. గడువు అయిదేళ్లు. నామినేషన్‌కు 15 పాయింట్లు. మూడేళ్లు అక్కడే ఉండి, పనిచేసి, ఆదాయ పన్ను లెక్కలు చూపితే 191 ద్వారా శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

482: క్లినిక్‌ యజమాని స్పాన్సర్‌ చేసేది. నాలుగేళ్ల వరకూ ఉండొచ్చు. 2024 డిసెంబరు 7న కొత్త రూపంలో వచ్చింది. కనీసం ఏడాది అనుభవం కావాలి. పల్లె ప్రాంతాల యజమానులకు 494, నేరుగా శాశ్వత నివాసానికి 186 ఉన్నాయి.

190, 491లకు వయసు 45 లోపుండాలి, 65 పాయింట్లు తప్పనిసరి. 25-32 ఏళ్లవాళ్లకు వయసుకే 30 పాయింట్లు. పెళ్లికాని వారికి 10, భార్య లేదా భర్తకు తగినంత ఇంగ్లిషు వస్తే 5. అయితే 65 వచ్చినంత మాత్రాన పిలుపొస్తుందని లేదు. ఎక్కువ పాయింట్లున్నవాళ్లే ముందుంటారు. జాబితాలూ మారుతుంటాయి. దరఖాస్తు పెట్టే రోజున తమ వృత్తి పేరుందో లేదో చూసుకోవాలి.

కన్సల్టెంట్ల విషయంలోనూ జాగ్రత్త. ఆస్ట్రేలియాలోని వలస ఏజెంట్లకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్‌ నంబరు ఉంటుంది. మన ఊళ్లో బోర్డు పెట్టినవాళ్లకు అది తప్పనిసరి కాదు. నంబరు అడగండి, ఆన్‌లైన్‌లో సరిచూడండి. ‘పీఆర్‌ గ్యారంటీ’ అన్నారంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయడమే మంచిది.

డ్రాగన్‌ ఊరేగే ఊరు

వీసా లెక్కలో పెర్త్‌, అడిలైడ్‌ లాంటి నగరాలు కూడా ‘రీజనల్‌’ కిందికే వస్తాయి. బెండిగో వాటితో పోలిస్తే చిన్నది, జనాభా లక్షకు కాస్త ఎక్కువ. మెల్‌బోర్న్‌లోని టార్నీట్‌, పాయింట్‌ కుక్‌లలో వినిపించినట్టు వీధివీధినా తెలుగు వినిపించదు. గోంగూర, కరివేపాకు కోసం ఓ పూట ప్రయాణం పెట్టుకోవాల్సి రావచ్చు. అయితే కొత్తవాళ్లు ఈ ఊరికి కొత్త కాదు. మయన్మార్‌ నుంచి శరణార్థులుగా వచ్చిన కరెన్‌ ప్రజలు ఇక్కడ పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. ఊరి బయట టిబెట్‌లోని గ్యాంట్సే స్తూపం నమూనాలో కట్టిన మహా స్తూపముంది. అందులో పచ్చరాతి బుద్ధుడు కొలువుదీరాడు. సెంట్రల్‌ డెబొరా గనిలోకి ఇప్పటికీ లిఫ్ట్‌లో దిగి చూడొచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం ఈస్టర్‌ పండుగ. ఊరి ఆస్పత్రికి, అనాథల ఆశ్రమానికి చందాల కోసం 1871లో మొదలైంది. పన్నువేసి ఆపాలని చూసిన ఆ చైనీయులే 1870ల నుంచి ఊరేగింపులో పాల్గొంటూ ఆస్పత్రికి డబ్బు సమకూర్చారు. వాళ్లు తెప్పించిన డ్రాగన్‌ ‘లూంగ్‌’ గోల్డెన్‌ డ్రాగన్‌ మ్యూజియంలో భద్రంగా ఉంది. దాని వారసులు నేటికీ వీధుల్లో ఊరేగుతున్నాయి.

ప్రాక్టికల్‌ పరీక్షకు మెల్‌బోర్న్‌ వెళ్లేవాళ్లు తిరుగు టికెట్‌ రెండు రోజులు వెనక్కి జరుపుకోవడం మేలు. ఒకరోజు బెండిగో రైలెక్కి, బజార్లో నడిచి, అద్దె ఇళ్ల ధరలు, పిల్లల బడి, క్లినిక్‌లు చూసి రావచ్చు. 491 వీసా వస్తే కనీసం మూడేళ్లు ఉండాల్సింది ఇలాంటి ఊళ్లోనే మరి!