లీకు వార్తలో అడ్రస్

2013 సెప్టెంబర్ చివర్లో నేను నకరికల్లులో ఇంటి దగ్గరున్నాను. సమైక్యాంధ్ర ఉద్యమం వల్ల వెనక్కి జరిగిన ‘అత్తారింటికి దారేది’ అక్టోబర్ 9న రావాలి. టీవీ పెడితే బ్రేకింగ్ న్యూస్: సినిమా గంటన్నర బయటికొచ్చేసింది, పెడనలో సీడీలు అమ్ముతున్నారు, ప్రింట్ క్లియర్‌గా ఉంది.

అప్పటిదాకా నాకా సంగతే తెలీదు. సాయంత్రం సెల్ షాపుకెళ్లి “అన్నా, ఆ సినిమా ఉందా?” అన్నాను. ఏ సినిమా అని అతను అడగలేదు. మెమరీ కార్డు తీసుకుని ఎక్కించిచ్చాడు. నన్నక్కడికి పంపింది పైరసీవాడు కాదు, పైరసీని ఆవేశంగా ఖండిస్తున్న న్యూస్ రీడర్.

సినిమాని హడావిడిగా సెప్టెంబర్ 27కే విడుదల చేశారు. పెద్ద హిట్టయింది. ఇక ఆ వార్తల తీరు గురించి మా వాళ్లెవరూ మాట్లాడుకోలేదు, నేనూ మర్చిపోయాను.

మళ్లీ గుర్తొచ్చింది 2024 ఆగస్టులో. ‘దండదన్’, ‘రన్మా’ లాంటి అనిమేల ఎపిసోడ్లు నెట్‌ఫ్లిక్స్‌లోకి రాకముందే నెట్‌లో పడ్డాయి. డబ్బింగ్, సబ్‌టైటిల్స్ పనులు చేసే ఇయునో సంస్థ తన దగ్గర భద్రత దెబ్బతిన్నదని ఒప్పుకుంది. అనిమే మీద అడపాదడపా రాస్తుంటాను కాబట్టి దీని మీదా ఓ చిన్న వ్యాసం రాశాను. లీకైన ఎపిసోడ్ నుంచి ఒక ఫ్రేమ్ పెట్టాను. దాని మీదున్న వాటర్‌మార్క్‌ని కత్తిరించి మరీ పెట్టాను. తప్పని తెలియకపోతే కత్తిరించేవాణ్ణి కాదు కదా.

అందులో వార్త ఏది? ఎన్నో స్టూడియోల పని ఒకే సంస్థ చేతుల మీదుగా వెళ్తోంది, అక్కడ తలుపు సరిగ్గా వేసిలేదు. ఇది రాయాల్సిందే, సంస్థ పేరుతో సహా. ఎన్ని ఎపిసోడ్లు, ప్రింట్ ఎలా ఉంది, చివర్లో ఏం జరుగుతుంది - ఇదంతా వార్త కాదు, సరుకు వివరం.

మా సాఫ్ట్‌వేర్‌లో ఒక పద్ధతుంది. ఎవరి కోడ్‌లోనైనా లోపం కనిపెడితే ముందు వాళ్లకే చెప్తాం. బాగు చేసుకోడానికి గడువిస్తాం, చాలాచోట్ల 90 రోజులు. వివరాలు ఆ తర్వాతే. విలేఖరులూ ఇలాగే చెయ్యాలని ఆ వ్యాసంలో గొప్పగా సలహా ఇచ్చాను. అది అతకదు. బయటపడ్డ ఎపిసోడ్‌కి ప్యాచ్ ఉండదు. పోనీ పేర్లు దాచి రాద్దామంటే, ఎవరి పని పోయిందో చెప్పకుండా నష్టమెంతో ఎలా చెప్తాం? పేరు రాస్తేనేమో వెతకడానికి అదే చాలు.

వ్యాసం వచ్చిన రాత్రే ఫ్రెండొకడు ఫోన్ చేశాడు.

“బాగా రాశావురా. ఇంతకీ ఎక్కడ దొరికింది?”

నేను చెప్పలేదు. పది నిమిషాల్లో వాడే వెతుక్కున్నాడు.