మరకకు రంగు వేసే ముందు

వానలు పట్టాయంటే మన చూపులన్నీ స్లాబు మీదే. ఫ్యాను పక్కన గోధుమరంగు మరక తేలిందా, "దసరాకి పుట్టీ పెట్టి రంగు కొట్టిద్దాంలే" అంటారు ఇంట్లో. ఆ తొందర వద్దండీ. ముందు మరక అంచు వెంట పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేయండి. మరక గీత దాటుతోందంటే చెమ్మ ఇంకా దిగుతున్నట్టే.

ఇక అది ఎప్పుడు ముదురుతోందో కనిపెట్టాలి. వాన వెలిశాకైతే డాబా ఎక్కి పిట్టగోడ మొదలూ, వాన గొట్టం చుట్టూ చూడండి. నీళ్లు సరిగ్గా మరక నెత్తినే దిగాలని లేదు. స్లాబులో వేసిన కరెంటు పైపు వెంట పారి, ఎక్కడో ఫ్యాను దగ్గర బయటపడతాయి. అలాంటప్పుడు మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే.

ఎండాకాలంలోనూ ఆరకపోతే పైవాటా బాత్రూమ్ సంగతి చూడాలి. పైవాళ్లతో తగవెందుకు చెప్పండి? జాలీ మూసి, నేల మీద ఒక రోజు నీళ్లు నిలబెట్టమనండి. కింద చెమ్మ పెరిగితే లోపం నేలది. పెరగకపోతే పైపులు చూపించుకోవాలి.

తెల్లటి పొడి రాలుతోందంటే, నీళ్లు కాంక్రీటులోని సున్నాన్ని కరిగించి తెస్తున్నాయన్నమాట. అంతకన్నా నాకు భయం, తుప్పురంగులో తిన్నగా సాగిన గీతంటే. అక్కడ లోపలి ఇనుప చువ్వ తుప్పు పడుతోంది. తుప్పుకి ఇనుముకన్నా రెండింతలకు పైగా చోటు కావాలి. ఆ ఒత్తిడికే కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. చువ్వ మీద మామూలు చోట 20 మిల్లీమీటర్లు, సముద్రపుగాలి నేరుగా తగిలే చోట 45 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలని ఐఎస్ 456 ప్రమాణం 2000లోనే చెప్పింది. విశాఖ, కాకినాడల్లో కట్టుకునేవాళ్లు దీన్ని మేస్త్రీని అడిగి మరీ చూసుకోవాలి.

కర్రతో, పక్కకి నిలబడి, మెల్లగా తట్టండి. గట్టి చోట కంగుమంటుంది, పెచ్చు విడిన చోట డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగిందా, దాని కింద మంచం, పిల్లల ఉయ్యాల ఉంటే ఈ పూటే జరిపేయండి. చువ్వ బయటపడి సన్నబడితే ఇంజనీరుకి చూపించండి. తుప్పు గీకకుండా పైన సిమెంటు పూయిస్తే లోపల తినేయడం ఆగదు, ఈసారి ఊడేది ఇంకా పెద్ద పెచ్చు.