వడ, పెసర, బిల్లు

మా ఇంట్లో రెండు ఫిడేళ్ళున్నాయి. ఒకటి పెట్టెలో పట్టుగుడ్డ చుట్టుకుని పడుకుంటుంది. కచేరీలకు అదే. రెండోది గోడమేకుకి వేలాడుతుంటుంది. తలుపు కిర్రుమనడం, పసిపిల్ల ఏడుపు, గేరు మార్చలేక మూలిగే ఆటో, ఫోనులో పోట్లాడుకునే వియ్యపురాళ్ళు, ఇవన్నీ దాని మీద పలికిస్తాను. మా ఆవిడ మొదటిదాన్ని సరస్వతి అంటుంది, రెండోదాన్ని సంపాదన అంటుంది. అబద్ధమేమీ కాదు. రెండున్నర గంటలు పక్కవాద్యం వాయిస్తే వచ్చేదానికి రెండింతలు, ముప్పావుగంట నవ్విస్తే వస్తుంది.

ఉగాదికి, సంఘాల వార్షికోత్సవాలకి, పెళ్ళికి ముందురోజు సాయంత్రాలకి, అప్పుడప్పుడు అమెరికా తెలుగువాళ్ళ సభలకి మమ్మల్ని పిలుస్తారు. మేమంటే ముగ్గురం: పాడేవాడు, మృదంగం వాయించేవాడు, నేను. కర్ణాటక సంగీత కచేరీనే కాస్త వంకరగా చేసి చూపిస్తాం. ముగ్గురం మామూలు కచేరీలు చేసుకునేవాళ్ళమే. ఆ సంగతి చెప్పకపోతే జనం నమ్మరు.

విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఫిడేలు డిప్లొమా చేశాను. 1919లో పెట్టిన కాలేజీ అది. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. ఫిడేలు చెప్పింది ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. నేను చేరేనాటికి ఇద్దరూ గోడమీద ఫోటోలే. అయినా ఆ ఫోటోల కింద కూర్చుని ఎవరైనా వెకిలిగా వాయిస్తే మాస్టార్లకు మండిపోయేది. నవ్వించడం అక్కడ నేర్చుకోలేదు. డిప్లొమా చేతికొచ్చాక, పొట్టకూటికి హరికథల వెంట తిరిగినప్పుడు నేర్చుకున్నాను.

శ్రీరామనవమి పందిళ్ళలో హరికథ రాత్రి ఏ తొమ్మిదింటికో మొదలైతే ఒంటిగంట దాకా సాగేది. పన్నెండు దాటాక ముందువరసలో పిల్లలు, వెనకవరసలో పెద్దలు ఒకేలా తూగుతుంటారు. కథ చెప్పే దాసుగారు అది కనిపెట్టి చిరతలు ఆపి పిట్టకథ ఎత్తుకునేవారు. సీతమ్మ కష్టాల మధ్యలోంచి ఒక్కసారిగా ఏ అత్తాకోడళ్ళ దగ్గరికో, పిసినారి కరణం దగ్గరికో వెళ్ళిపోయేవారు. మొదటి రాత్రి నాకేం తెలుసు? కథ కింద మెల్లగా రాగం వాయిస్తూనే ఉన్నాను. ఛలోక్తి పడింది, ఎవరూ నవ్వలేదు. దాసుగారు నావైపు చూసి ఊరుకున్నారు. కథయ్యాక, గజ్జెలు విప్పుకుంటూ అన్నారు:

“ఒరే అబ్బాయ్, నవ్వు రావడానికి చోటుండాలి కదరా. ఆ చోటులో నువ్వు ఫిడేలు పెట్టేశావు.”

నా వృత్తికి మొదటి పాఠం అదే. మాట చివరి అక్షరం పడకముందే కమాను తీగ మీదనుంచి లేవాలి. నవ్వు పైకెళ్ళి కిందికి దిగుతుండగా, పూర్తిగా ఆగిపోకముందే, శ్రుతిలో ఒక్క షడ్జమం పట్టాలి. తొందరపడితే నవ్వు తెగుతుంది, ఆలస్యమైతే పందిరి చల్లబడుతుంది. ఏ పుస్తకంలోనూ దీనికి తాళం రాసిలేదు.

ఇలాంటి పని చేస్తున్నానంటే కొందరు పెద్దలు చెవులు మూసుకుంటారు. “త్యాగరాజస్వామి సంగీతంతో పరాచికాలా?” అంటారు. త్యాగరాజస్వామే నౌకాచరిత్రం రాశారు కదా అంటాను నేను. తమంతటివాళ్ళు లేరని మురిసిపోతున్న గోపికలను పడవెక్కించి, గాలివాన రప్పించి, పడవకు చిల్లిపడితే కట్టుబట్టలతోనే దాన్ని పూడ్చమని కృష్ణుడి చేత చెప్పించిన మహానుభావుడికి నవ్వడం రాదంటే ఎలా? కూచిపూడివాళ్ళ భామాకలాపానికి ఫిడేలు వాయించిన రోజుల్లో చూశాను: సత్యభామ విరహంతో కరిగిపోతూ కృష్ణుడికి ఉత్తరం పట్టుకెళ్ళమంటే, మాధవి ముక్కుపుడక ఇస్తేగానీ కదలనంటుంది. భామ ఏడుపు ఎంత శ్రుతిలో ఉంటే మాధవి బేరం అంత రక్తి కడుతుంది. రామదాసు చెరసాల్లో ఉండి రాముణ్ణే లెక్కలడిగాడు. మన సంగీతానికి నవ్వు బయటినుంచి వచ్చిన చుట్టం కాదు, ఇంటిమనిషే. మనమే కచేరీ హాలు గుమ్మంలో ఆపేశాం.

ఇక పనితనం సంగతి. మేం చేసేవాటిల్లో ఎక్కువ నవ్వు తెప్పించేది మృదంగం ఐటెం. మావాడు హోటల్ సర్వరులా భుజాన తువ్వాలు వేసుకుని, జతులకు బదులు టిఫిన్ల పేర్లు చెప్తాడు. వినేవాళ్ళకు అదేదో నోటికొచ్చిన గోల అనిపిస్తుంది. గోల కాదు. “పెసర” అంటే మూడు, “వడ” అంటే రెండు. “వడ పెసర” అంటే అయిదు, అంటే ఖండం, “తక తకిట”. ఆదితాళంలో దెబ్బకు నాలుగు చొప్పున ఎనిమిది దెబ్బలకు ముప్ఫైరెండు. “వడ పెసర వడ పెసర” పది. దాన్ని మూడుసార్లు చెప్పి, మధ్యలో రెండుచోట్ల ఒక్కొక్క మాత్ర ఖాళీ ఇస్తే పదీ ఒకటీ, పదీ ఒకటీ, పదీ, సరిగ్గా ముప్ఫైరెండు. ఆ ముక్తాయింపు విసిరి, మళ్ళీ సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, అరచెయ్యి చాపి “బిల్లు!” అంటాడు. హాలు ఘొల్లుమంటుంది.

ఓసారి ఒక ఊళ్ళో ఖాళీ మాత్ర ఒకటి మింగేశాడు. “బిల్లు” సమానికి ముందే వచ్చి పడింది. మాటదే, తువ్వాలదే, మొహం అదే. సగంమంది కూడా నవ్వలేదు. వాళ్ళల్లో తాళం లెక్క తెలిసినవాళ్ళు పదిమంది కూడా ఉండరు. తెలియనక్కర్లేదు కూడా. తొడమీద చెయ్యి దానంతటదే ఎక్కడ పడాలో ఎదురుచూస్తుంటుంది. ఆ ఎదురుచూపు మీదే మా వ్యాపారమంతా.

రెండోది పదాలు విరిచే తమాషా. నెరవు చేసేటప్పుడు పాటగాడు ఒక్క పంక్తినే పట్టుకుని తిప్పి తిప్పి పాడతాడు. అర్థం చూసుకోకుండా ఎక్కడపడితే అక్కడ ఊపిరి పీల్చే అలవాటు కొందరికుంటుంది. వేరేవాళ్ళ కృతి ముట్టుకోకుండా, ఇందుకోసం మేమే ఒక పంక్తి కట్టుకున్నాం: “దేవా, నీ పాలనే కోరితిని.” మావాడు దీన్ని మొదటి రెండుసార్లు భక్తిగా పాడతాడు. మూడోసారి “నీ పాల” దగ్గర ఆగి, దీర్ఘంగా ఊపిరి తీసుకుని, “నే కోరితిని” అంటాడు. నేను ఫిడేలు మీద ఆవు అంబా అంటాను. కిందినుంచి ఎవరో ఒకరు “అరలీటరా, లీటరా?” అని అరుస్తారు. తెలుగు తెలియని పాటగాళ్ళు చేస్తారని మనం అనుకుంటాం గానీ, తెలుగు బాగా వచ్చినవాళ్ళ నోటా ఈ పాలు పొంగడం నేను విన్నాను.

మూడోది కాస్త తెలిసినవాళ్ళకోసం. స్వరాలే మాటలయ్యేలా కట్టడాన్ని స్వరాక్షరం అంటారు. పెద్ద వాగ్గేయకారులు భక్తికి వాడారు, మేం తగాదాకు వాడతాం. కల్పనస్వరాల మధ్యలో పాటగాడు నావైపు తిరిగి “ని ప ని స రి గ” అంటాడు. “నీ పని సరిగా?” అని. నేను నోరెత్తకుండా అవే ఆరు స్వరాలు ఫిడేలు మీద, చివరి గాంధారాన్ని ప్రశ్నలా పైకి జారుస్తూ తిప్పికొడతాను. నవ్వు రెండు విడతలుగా వస్తుంది. ముందు స్వరజ్ఞానం ఉన్నవాళ్ళు, తర్వాత వాళ్ళను చూసి మిగతావాళ్ళు. రెండో విడతలో నవ్వేవాళ్ళే గట్టిగా నవ్వుతారు.

అన్నిటికన్నా కష్టం అపస్వరం. కొంచెం తప్పితే నిజంగానే తప్పాడనుకుని జాలిపడతారు. దొంగ దొరికినట్టు దొరకాలి, దర్జాగా దొరకాలి. అందుకు నేను మోహనం ఎంచుకుంటాను. అయిదే స్వరాలు, అందరి చెవికీ అలవాటున్న రాగం. అందులో మధ్యమం, నిషాదం ఉండవు. రెండు నిమిషాలు తేనెలా వాయించి, పిలవని పెళ్ళికొచ్చినవాడిలా ఒక నిషాదాన్ని తెచ్చి ముందువరసలో కూర్చోబెడతాను. విజయనగరంలో వాయిస్తే హాలు భగ్గుమని నవ్వింది. ఇంకోచోట అదే నిషాదానికి చప్పట్లు కొట్టారు! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పేరడీకి ఉన్న చిక్కే అది. అసలు తెలియనివాడికి నకలు లేదు. జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రిని పేరడీ శాస్త్రి అనేవారు. శ్రీశ్రీ, కృష్ణశాస్త్రి కవిత్వం జనం నోళ్ళలో నానుతున్న రోజులు గనకే ఆయన పేరడీలు పేలాయి. పడమటి దేశాల్లోనూ ఇదే కథ. మొజార్ట్ 1787లో చేతకాని సంగీతకారుణ్ణి వెక్కిరిస్తూ ఒక రచన చేశాడు. చివర్లో వాద్యాలన్నీ తలో శ్రుతిలో వచ్చి ఢీకొంటాయి. శ్రుతి కలవడమంటే ఏమిటో తెలిసిన ఊళ్ళో గనక అది పరిహాసం. హైడన్ 1781లో రాసిన ఒక క్వార్టెట్‌లో అయిపోయిందనుకుంటే అయిపోదు, మళ్ళీ వస్తుంది, ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియక జనం ఇబ్బంది పడాలి. ఒక రికార్డులో అది విన్నప్పుడు మా హరికథ దాసుగారు జ్ఞాపకమొచ్చారు. అలాంటి దొంగ ముగింపు మేమూ చేస్తాం. ముక్తాయింపు మూడుసార్లు వస్తుందని మన శ్రోతకు ఒంట్లోనే తెలుసు. మూడోది పూర్తవగానే చప్పట్లు. మేం నాలుగోది మొదలెడతాం.

వేదిక మీద జరిగేవన్నీ మాకు ముడిసరుకే. మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం మొదలవగానే జనం కాఫీకి లేచిపోతారు కదా. మా కార్యక్రమంలో మృదంగం మొదలవగానే పాటగాడూ నేనూ లేచి, మెట్లు దిగి, ప్రేక్షకుల మధ్యగా నడిచి కాఫీకి వెళ్ళిపోతాం. మావాడు ఒక్కడే వాయిస్తుంటాడు. ఆ రోజు ఒక్క ప్రేక్షకుడూ కదలడు. చివరగా రాగం తానం పల్లవి. పల్లవి మాదే: “శాలువలు కప్పేరు, చార్జీలు ఎగ్గొట్టేరు.” కాంభోజిలో విస్తారంగా ఆలాపన చేసి, మూడు కాలాల్లోనూ పాడతాం. ఒక సభలో సరిగ్గా రెండో కాలంలో ఉండగా కార్యదర్శిగారు శాలువలతో వేదికెక్కారు. ఆయనకు పల్లవి వినబడలేదు. హాలంతటికీ వినబడింది. ఆ సాయంత్రం శాలువలు నిజంగానే ఇచ్చారు. చార్జీల సంగతి మీరే ఊహించుకోండి.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. నవ్వు నాకే తగిలిన సందర్భం ఒకటుంది.

అప్పట్లో “పాటగాళ్ళ రకాలు” అని ఒక ఐటెం చేసేవాణ్ణి. చెవి మూసుకుని పాడేవాడొకడు, మైకుతో పోట్లాడేవాడొకడు, పాడుతుంటే ఎడమచెయ్యి గాల్లో అదే పనిగా వణికించేవారొకరు. ఆ మూడోది మా ప్రాంతపు పెద్ద విద్వాంసుడొకాయన. తోడి రాగం పాడితే ఆయనే పాడాలనేవారు. నేను చెయ్యి వణికిస్తూ గొంతుతో తోడి అనేవాణ్ణి. జనం వెంటనే గుర్తుపట్టేవారు. ఒక ఊళ్ళో ఐటెం సగంలో ఉండగా చూశాను, ఆయన రెండో వరసలో కూర్చుని ఉన్నారు. ఆపలేకపోయాను. అందరితోపాటు ఆయనా నవ్వుతున్నారు. అయ్యాక వెళ్ళి కాళ్ళకు దణ్ణం పెట్టాను.

“చెయ్యి బాగానే పట్టావురా నాయనా,” అన్నారు. “తోడి పట్టలేదు. గాంధారం అలా ఊగదు.”

తిరిగొచ్చేటప్పుడు కారులో మృదంగం మావాడు చెప్పాడు. ఆ వణుకు ఆయన పాటలో భాగం కాదట, జబ్బు. కాఫీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటారట.

ఆ తర్వాతి ఆదివారం పట్టుగుడ్డలోని ఫిడేలు తీసుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. క్షమించమని అడగబోతే, “శ్రుతి చూసుకో” అన్నారు. నాలుగు నెలలు, ఆదివారం ఆదివారం, ఆ ఒక్క గాంధారం చెప్పారు. ఆయన పాడుతుంటే ఎదురుగా చాపమీద చెయ్యి వణుకుతూనే ఉండేది. గాంధారం మాత్రం ఆయన అనుకున్నచోట మొదలై, అనుకున్నంతే ఊగి, అనుకున్నచోట ఆగేది. నేను అన్నాళ్ళూ అనుకరించింది ఆయన అదుపులో లేనిదాన్ని. అదుపులో ఉన్నదాన్ని అనుకరించాలంటే ముందు అది నాకు రావాలి.

అప్పటినుంచి ఐటెం ఏదైనా కట్టేముందు దాన్ని ఒకసారి మామూలుగా, ఎవరూ నవ్వకుండా వాయించి చూసుకుంటాను. వాయించలేకపోతే వదిలేస్తాను. “పాటగాళ్ళ రకాలు” ఇప్పటికీ చేస్తున్నాం. చెవి మూసుకునేవాడున్నాడు, మైకుతో పోట్లాడేవాడున్నాడు. మూడోది తీసేశాను. తోడి ఇప్పుడు కాస్త వచ్చు. దాన్ని మొదటి ఫిడేలు మీదే వాయిస్తాను.