ఒక మార్కు తక్కువ

జనవరి మాసం వచ్చిందంటే మా క్రైస్తవ కుటుంబాలలో అందరి నోటా నానే మాట ఒకటుంది. అది కృప. దేవుని కృపవల్ల మరో యేడు చూశామంటారు. ఎలా ఉన్నారని అడిగితే ఆయన కృపలో బాగున్నామంటారు. పిల్లవాడికి ఉద్యోగం వచ్చినా కృపే, ఆపరేషను సవ్యంగా జరిగినా కృపే. ఇన్ని నోళ్లలో పడి అరిగిన మాటకు అర్థం ఏ మూలనో మిగిలి ఉంటుంది. ముప్పయి మూడేళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి కనుక, దాన్ని వెదకి చూడకపోతే నాకు తోచదు.

కృప అనగానే నాకు బైబిలు కంటె ముందు భారతం జ్ఞాపకం వస్తుంది. (పండిత శిక్షణ పొందిన ఫలితం! మా పాస్టరుగారు మన్నింతురు గాక.) ఆదిపర్వంలో శరద్వంతుని బిడ్డలిద్దరు రెల్లుగడ్డిలో దిక్కులేక పడి ఉంటారు. వేటకు వచ్చిన శంతనుని పరివారం కంటబడతారు. రాజు వారిని కృపతో పెంచాడు కనుక కృపుడు, కృపి అని పేర్లు వచ్చాయి. ఆ శిశువులు తపస్సు చేయలేదు, వరం కోరలేదు. ఏడవడం తప్ప వాళ్లు చేసిందేమీ లేదు. పౌలు పత్రికలు చదివేటప్పుడు నాకు ఎప్పుడూ ఈ రెల్లుగడ్డి కనిపిస్తూనే ఉంటుంది.

తెలుగు బైబిలులో పాత నిబంధనలోని ‘హెసెద్’ అనే హెబ్రీ మాటకు తరచుగా కృప అనే వాడారు. ఎదుటివాడు మాట తప్పినా తాను తప్పకుండా నిలబడే ప్రేమ అని దాని భావం. 136వ కీర్తనలో ఇరవై ఆరు వచనాలుంటే ఇరవై ఆరింటా అది పల్లవిలాగా తిరిగి వస్తుంది. కొత్త నిబంధనలోని ‘ఖారిస్’ అనే గ్రీకు మాటకూ కృపే. ఆ గ్రీకు మాటకు సొగసు అనీ, ఉపకారమనీ, కృతజ్ఞత అనీ కూడా అర్థాలున్నాయి. అంటే ఇచ్చేవాడి చేతిలోనిదానికీ, పుచ్చుకున్నవాడి నోటినుంచి వచ్చేదానికీ ఒకే మాట.

ఇంత తెలిసీ నేను చాలాకాలం కృపను బడి భాషలోనే అర్థం చేసుకున్నాను. గ్రేసు మార్కులంటాం చూడండి, అలాగన్నమాట. ముప్పై మూడు తెచ్చుకున్నవాడికి రెండు కలిపి గట్టెక్కిస్తాం. పన్నెండు తెచ్చుకున్నవాడికి ఎవరూ ఏమీ కలపరు. మన వంతు మనం తెచ్చుకోవాలి, మిగిలిన కొరతను దేవుడు పూరిస్తాడు. నా వేదాంతం ఇంతే.

పండిత పరిభాషలో దీన్ని మర్కటకిశోర న్యాయమంటారు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా కరచుకొని ఉంటుంది. పిల్లిపిల్లకు ఆ పని లేదు, తల్లే నోట కరచి తీసుకుపోతుంది. శ్రీవైష్ణవులలో వడగలై వారిది కోతిపిల్ల మార్గమనీ, తెంగలై వారిది పిల్లిపిల్ల మార్గమనీ చెబుతారు. పడమటి దేశాలలో అయిదవ శతాబ్దంలో అగస్టీనుకూ పెలేగియసుకూ నడిచిన వాదం కూడా ఇంచుమించు ఈ రెండు పిల్లల తగవే. 418లో కార్తేజిలో కూడిన సభ పెలేగియసు వాదాన్ని తోసిపుచ్చింది. సభలు తోసిపుచ్చితేనేం, బడిలో మాత్రం పెలేగియసే హెడ్మాస్టరు. తరగతిలో గజేంద్రమోక్షం చెబుతూ, ఏనుగు తన బలమంతా ఉడిగినాకనే గదా పిలిచింది, పిలిచినవాడి యోగ్యతను విష్ణువు లెక్కచూశాడా అని పిల్లలకు గొప్పగా వివరించేవాణ్ణి. సాయంత్రం ఇంటికి వెళ్లి ఎర్ర సిరా కలం పట్టుకుంటే ఆ పాఠం నాకే గుర్తుండేది కాదు.

1988 వేసవిలో జరిగిన సంగతి చెబుతాను. అప్పుడు మెదకు జిల్లాలోని ఒక ఊళ్లో పనిచేస్తున్నాను. ఎనిమిదో తరగతిలో ఒక పిల్లవాడు దూరపు పల్లెనుంచి వచ్చి బోర్డింగులో ఉండి చదువుకునేవాడు. వార్షిక పరీక్షలో ఏ ఒక్క సబ్జెక్టు తప్పినా మరుసటి యేడు ఆ బోర్డింగులో చోటు ఉండదు. అది అక్కడి నియమం. పిల్లవాడు అన్నిటిలోనూ గట్టెక్కి తెలుగులో తప్పాడు. వట్రుసుడికీ క్రావడికీ తేడా తెలియదు వాడికి. తప్పుకు అర మార్కు చొప్పున కోసుకుంటూ పోయాను. అది నా పద్ధతి. ఆ పద్ధతివల్ల నాకు చుట్టుపక్కల బడులలో కొంత పేరు కూడా ఉండేది. దాచడమెందుకు, ఆ పేరంటే నాకు ఇష్టం.

వాళ్ల నాయన వచ్చాడు. మా వాకిట్లో వేపచెట్టు కింద నిలబడ్డాడు, ఎంత చెప్పినా కూర్చోలేదు. పిల్లవాడు చెట్టు చాటున ఉన్నాడు. “ఈ ఒక్కపారి జూడుండ్రి సారూ” అన్నాడు ఆ పెద్దమనిషి. ఒకరికి కలిపితే అందరికీ కలపవలసి వస్తుందని చెప్పాను. అది న్యాయమైన మాటే. ఈనాటికీ అందులో తప్పు పట్టలేను, అదే చిక్కు. నా భార్య లోపలినుంచి రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగి, దండం పెట్టి వెళ్లిపోయారు. జూన్‌లో వాడు బడికి రాలేదు.

బడి మానిన పిల్లలు ఆ కాలంలో కొల్లలు. ఈ ఒక్కణ్ణీ ప్రత్యేకంగా తలచుకోవలసిన పని లేదనుకున్నాను. అయినా ప్రతి సంవత్సరం డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి, గుడిలో పాపపు ఒప్పుకోలు దగ్గరకు వచ్చేసరికి ఆ వేపచెట్టు ఎదురుగా వచ్చి నిలబడేది. దానికి నా దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉండేది. వాడికి అయిదు మార్కులు తక్కువ వచ్చాయి. ఒకటో రెండో అయితే కలపకపోదునా? అయిదు ఎవరు కలుపుతారు? అంతటితో వేపచెట్టు వెళ్లిపోయేది, నేను తరువాతి కీర్తన అందుకునేవాణ్ణి.

మా రాత్రి ఆరాధన సంగతి ఇతర మతస్థులైన మిత్రులకు కొంచెం చెప్పాలి. ఇంగ్లండులో బ్రిస్టలు నగరం పక్కన కింగ్స్‌వుడ్ అనే చోట బొగ్గుగని కార్మికులుండేవారు. తాగుడుతో గడిపే రాత్రులను వాళ్లు ప్రార్థనతో గడపడం మొదలుపెడితే, 1740 ప్రాంతంలో జాన్ వెస్లీ దాన్ని ఒక క్రమంలో పెట్టాడు. మరొకటి నిబంధన ఆరాధన. 1755 ఆగస్టు 11న లండనులోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో వెస్లీ దాన్ని జరిపించాడు. రిచర్డ్ అలీన్ అనే ప్యూరిటన్ గ్రంథకర్త మాటలను అందుకు ఆధారం చేసుకున్నాడు. తరువాత అది కొత్త సంవత్సరం మొదటి ఆదివారపు ఆచారమైంది. నేను ఇక నావాణ్ణి కాను, నన్ను వాడుకోవడమూ వాడుకోకుండా ఉంచడమూ నీ యిష్టం అనే భావంతో సభ అంతా దేవునికి మాట ఇస్తుంది. 2018లో పదవీ విరమణ చేసినప్పటినుంచి ఆ రెండో భాగం దగ్గర నా గొంతు కాస్త తడబడుతూ ఉంటుంది. మనిషి అడగకముందే, అడగాలన్న బుద్ధి పుట్టకముందే వచ్చి పనిచేసే కృప ఒకటుందని వెస్లీ బోధించాడు. పూర్వగామి కృప అనవచ్చు దాన్ని.

వెస్లియను మిషనరీలతో ఈ పద్ధతులు మా మెదకు ప్రాంతానికి వచ్చాయి. 1924 క్రిస్మసు నాడు ప్రతిష్ఠ జరిగిన మెదకు పెద్ద గుడికి రాళ్లు మోసినవారిలో మా తాత ఒకడు. కరువు రోజుల్లో ఆ పని దొరకడమే కృప అని మా నాయనమ్మ అనేది. పని చేసి తెచ్చుకున్న తిండి కృప ఎలా అవుతుందని చిన్నప్పుడే వాదించాను. “నువ్వు పంతులువైతవురా” అన్నది. అలాగే అయింది.

అర్ధరాత్రి దాటాక వాగ్దానపు చీటీలు తీయడమనే ముచ్చట ఒకటుంది. పళ్లెంలో మడిచిన కాగితాలుంటాయి, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క వాక్యం. చేతికి వచ్చినది ఆ యేటి వాగ్దానం. ఇది చిలకజోస్యంలాగా ఉందని నేనంటే నా భార్య చెవులు మూసుకుంటుంది. ఎక్కువమంది ఆశించేది విలాపవాక్యముల మూడవ అధ్యాయంలోని మాట, దేవుని వాత్సల్యం ప్రతి ఉదయమూ కొత్తగా పుడుతుందన్న భావం గలది. క్యాలెండర్లమీద పూలబొమ్మ పక్కన అచ్చువేస్తుంటారు. ఆ గ్రంథం మాత్రం క్రీస్తుపూర్వం ఆరవ శతాబ్దంలో బబులోను సేనలు యెరూషలేమును కాల్చి నేలమట్టం చేశాక పుట్టిన శోకం. ఆకలికి పడిపోతున్న పసిపిల్లల మధ్య కూర్చుని ఆ మాట రాసినవాడు, ఇదంతా మా తప్పే అని కూడా ఆ పుటల్లోనే రాశాడు. పూలబొమ్మ వేసినవారు ఆ భాగం చదివినట్లు లేదు.

2022 డిసెంబరు ముప్పై ఒకటి. ఆరాధన ముగిసేసరికి పన్నెండున్నర. చలి గట్టిగా ఉంది. నా భార్యకు మోకాళ్లు సరిగా లేవు. గేటు బయట ఆటోల కోసం నిలబడ్డాం. ఒక ఆటో వచ్చి మా ముందే ఆగింది. నడిపే మనిషికి యాభై ఏళ్ల లోపు ఉంటాయి, మెడకు మఫ్లరు.

“నమస్తే సార్. ఎక్కుండ్రి, ఇంటికాడ దించుత. నన్ను గుర్తువట్టిండ్రా?”

పట్టలేదు. ఊరు పేరు చెప్పాడు, బోర్డింగు పేరు చెప్పాడు. అప్పుడు పట్టాను. ఏమి మాట్లాడాలో తెలియలేదు. మౌనంగా కూర్చున్నా సరిపోయేది. కానీ నా నోరు తన అలవాటు ప్రకారం తన జవాబు అందుకుంది. “నీకు తెలుగులో అయిదు మార్కులు తక్కువ వచ్చాయి కదూ?” అన్నాను.

“అయిదు గాదు సార్. ఒక్కటే. ముప్పై నాలుగొచ్చినయి.”

నిష్ఠూరంగా అనలేదు. ఇంటి నంబరు చెప్పినట్లు చెప్పాడు. నా భార్య నా వైపు చూసింది. వీధి దీపం వెలుతురులో ఆ చూపు నాకు బాగానే కనిపించింది. ముప్పై నాలుగు. అవును, ముప్పై నాలుగే. ఆ జవాబుపత్రం మీద నా అక్షరాలే కళ్లముందుకు వచ్చాయి. ముప్పై నాలుగేళ్లలో ఒకటి అయిదు ఎప్పుడు అయిందో, ఏ సంవత్సరం ఎంత పెంచుకున్నానో చెప్పలేను. అబద్ధమాడానన్న ఎరుక కూడా లేదు. పిల్లవాడికి కలపని మార్కులు నాకు నేను కలుపుకుంటూ వచ్చాను.

ఇంటి దగ్గర దిగి వంద రూపాయల నోటు ఇవ్వబోయాను. వద్దన్నాడు. జేబులో పెట్టబోయాను. చెయ్యి పట్టుకుని ఆపాడు. “మీ దగ్గర సదువుకున్నోణ్ణి సార్, పైసలేంది” అన్నాడు. నేను ఇంకా పెనుగులాడుతున్నాను. ఆ క్షణంలో ఆ వంద అతనిచేత పుచ్చుకునేలా చేయడం నాకు ప్రాణావసరం అనిపించింది. “ఊరుకోండి” అని నా భార్య గట్టిగా అన్నది. ఊరుకున్నాను. ఆటో వెళ్లిపోయింది.

2023లో జనవరి ఒకటో తేదీయే ఆదివారం. రాత్రి ఆరాధన అయిన తొమ్మిది గంటలకే నిబంధన ఆరాధన. కన్ను మూయకుండానే వెళ్లి కూర్చున్నాను. ఒప్పుకోలు దగ్గర వేపచెట్టు వచ్చింది. ఆ ఉదయం నా దగ్గర జవాబు లేదు. అందరూ లేచి నిబంధన మాటలు చెబుతుంటే నేను పెదవులు కదపలేదు. పక్కనున్నాయన నాకు గొంతు పోయిందనుకొని లవంగం ఇచ్చాడు.

సంక్రాంతి వెళ్లాక అతని ఇల్లు కనుక్కొని ఇద్దరం వెళ్లాం. నేను ఇంటి దగ్గర వాక్యాలు కూర్చుకొని వెళ్లినవాణ్ణి, అక్కడ వరసగా ఒకటీ రాలేదు. తప్పు చేశానని మాత్రం చెప్పగలిగాను. అతడు ఇబ్బందిపడ్డాడు. “గవన్ని ఇప్పుడెందుకు సార్. చాయ సల్లారుతది” అన్నాడు. కొంతసేపటికి నవ్వి, “బడికి పొయ్యేది లేదంటె నాకు మస్తు కుషీ అయింది సార్ అప్పుడు. మా నాయనకే బాధైంది. నాలుగు దినాలు సక్కగ తిండి తినలె” అన్నాడు. వాళ్ల నాయన ఫొటో గోడమీద ఉంది, దండ వేసి. ఆయనను అడగవలసిన మాట అడగకుండానే ఉండిపోయింది.

నాజీలు 1945లో ఉరితీసిన జర్మను వేదాంతి బొన్‌హోఫర్, 1937లో వెలువరించిన గ్రంథంలో చౌక కృప అనే మాట వాడాడు. పశ్చాత్తాపం లేకుండా, బతుకు మారకుండా పంచిపెట్టే క్షమ ఎందుకూ కొరగాదని ఆయన వాదం. అతని ఇంటినుంచి తిరిగివస్తూ ఆ మాట తలచుకున్నాను. నాకు దొరికినదానికి ఒక కప్పు చాయ తప్ప ఖర్చు కాలేదు, అది కూడా అతని ఖర్చే. ఇచ్చినవాడికి మాత్రం ఒక చదువు ఖర్చయింది, ఒక ముసలాయనకు నాలుగు రోజుల తిండి. పైగా నేను అడగడానికి వెళ్లకముందే, డిసెంబరు చలిలో ఆటో ఆపినప్పుడే, అతడు ఇచ్చేశాడు.

ఆ వంద రూపాయల నోటు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పెట్టాను. కానుకల సంచిలో వేయమని నా భార్య రెండుసార్లు చెప్పింది. వేస్తే లెక్క సరిపోయిందనుకుంటానేమోనని వేయలేదు.

ఈ సంవత్సరం కూడా పన్నెండున్నరకు గేటు దగ్గర ఆటో ఉంది. నా భార్యను చెయ్యిపట్టి ఎక్కించాడు. నేను పక్కన కూర్చున్నాను. ఇల్లు వచ్చింది. దిగి, ఫ్లాస్కులో టీ ఉంది, తాగి వెళ్లమన్నాను. జేబులో చెయ్యి పెట్టలేదు.